శనివారం ఇంగ్లీషు ప్రశ్నలు

ఇంగ్లీషు టీచర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి “సార్, గ్రామరు ఎట్లా చెప్పాలి?” అని అడుగుతుంటారు. ప్రమోషన్ల గురించీ బదిలీల పైరవీల గురించీ అడగనందుకు సంతోషించి చాయ్ పోయిస్తాను. కానీ గ్రామరు ఎట్లా చెప్పాలన్నది తర్వాతి మాట. ముందు, మీ క్లాసులో పిల్లలను నోరు తెరవనిస్తారా లేదా? వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు బళ్ళలో నా ఉద్యోగమంతా గడిచింది. నోరు తెరవనిచ్చిన బడి ఒక్కటీ చూడలేదు. ముసలాడు చేదుగా మాట్లాడుతున్నాడని అనుకుంటే అనుకోండి. తియ్యగా మాట్లాడేవాళ్ళు మీకు ట్రైనింగుల్లో కావలసినంతమంది దొరుకుతారు.

పుస్తకంలో లేని ప్రశ్నలు

వనపర్తిలో ఉన్నప్పుడు శనివారం ఆఖరి పీరియడు టైంటేబుల్‌లో ‘నీతిబోధ’ అని ఉండేది. బోధించేవాడూ లేడు, వినేవాడూ లేడు. ఇంటిగంట ఎప్పుడు కొడతారా అని పిల్లలు కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాళ్ళు. ఆ పీరియడు నాకివ్వమని అడిగితే, పీడా పోయిందన్నట్టు ఇచ్చేశారు. పుస్తకాలు సంచుల్లో పెట్టించి, “ఇంగ్లీషు గురించి మీకు తోచింది అడగండి. తెలుగులోనే అడగండి” అన్నాను. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత మెల్లగా ఒకడు లేచాడు.

“సార్, మా తాతను గూడ ‘యూ’ అనాల్నా? గట్లంటే ముసలోడు చెప్పు తీస్కుంటడు.”

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. అది సరైన ప్రశ్న. మనకు నువ్వు వేరు, మీరు వేరు. వాళ్ళకు రెంటికీ ఒకటే మాట. మర్యాద ఆ మాటలో ఉండదు, అడిగే తీరులో ఉంటుంది. ‘గివ్ మీ వాటర్’ అంటే తాతను గదమాయించినట్టు. ‘కుడ్ యూ గివ్ మీ సమ్ వాటర్, ప్లీజ్’ అంటే మీరు అన్నట్టు. వాడు, “అంటే అడుక్కున్నట్లు అడిగితెనే మర్యాదనా సార్?” అన్నాడు. అంతేరా నాయనా అన్నాను.

మా పాలమూరు పిల్లలు చెల్లెలి గురించి రాయమంటే ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు స్కూల్’ అని రాస్తారు. పేపర్లు దిద్దేచోట అది చదివి పడీపడీ నవ్వే పంతుళ్ళను చూశాను. నవ్వేదేముంది? ఇంట్లో చెల్లెలిని ‘అది బడికి పోతున్నది’ అనే అంటారు. పిల్లవాడు ఉన్నదున్నట్టు మార్చాడు. చెల్లెలు ఎంత చిన్నదైనా, దానితో ఎంత కొట్లాడినా ఇంగ్లీషులో ‘షీ’ అనే అనాలి అని ఒక్కసారి చెబితే జన్మలో మరిచిపోడు. చెప్పే ఓపిక లేదు గానీ నవ్వే తీరిక మాత్రం ఉంది.

‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ ఎందుకు తప్పని ఇంకొకడు అడిగాడు. అన్నదమ్ములు ఉండడం పని కాదు, మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టేది కాదు. అందుకని ‘ఐ హావ్’. అన్నం తినడం పని. తింటూ ఉన్నప్పుడు ‘ఐ యామ్ హావింగ్ లంచ్’ అనొచ్చు. ‘సిన్స్’ ఎక్కడ, ‘ఫర్’ ఎక్కడ అన్నది ఎప్పుడూ ఉండే తగాదా. ఎప్పటినుంచి అని మొదలును చెబితే సిన్స్. ఎంతకాలంగా అని పొడవు చెబితే ఫర్. సోమవారం నుంచి జ్వరం అంటే సిన్స్, వారం రోజులుగా జ్వరం అంటే ఫర్. జ్వరం మీద పెట్టి చెప్పండి, తొందరగా ఎక్కుతుంది. మా పిల్లలకు జ్వరాలు కొత్త కాదు.

ఇవన్నీ పెద్ద విద్యలేం కావు. అడగనిస్తే అడుగుతారు, అడిగితే చెప్పొచ్చు. అంతే సంగతి.

వెంకట్రాములు సార్ మంత్రం

గద్వాలకు బదిలీ అయ్యాక అక్కడా శనివారం పీరియడు పట్టుకున్నాను. అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. ఎక్కడ చూసినా రిజల్టు, రిజల్టు. వందకు వంద పాసు కావాలి. ఆ ఊపులో మా బడికి వెంకట్రాములు అనే హెడ్మాస్టరు వచ్చాడు. లెక్కల మనిషి. పొద్దున్నే అందరికంటే ముందు బడికి వచ్చేవాడు, లంచం ముట్టేవాడు కాదు. ఇట్లాంటివాళ్ళు చేసే చెరుపు దొంగలు కూడా చెయ్యలేరు. దొంగనైతే తిట్టొచ్చు, ఇతన్ని ఏమని తిడతాం?

ఇంగ్లీషుకు ఆయన దగ్గర ఒక మంత్రం ఉండేది. సంవత్సరం అంకె కనబడితే సిన్స్. ‘యెస్టర్‌డే’ కనబడితే క్రియ రెండో రూపం. ‘బై’ కనబడితే ప్యాసివ్ వాయిస్. వాక్యం చదవక్కరలేదు, గుర్తు చూసి ఖాళీ నింపాలి. వీటిని బిట్లు అనేవాళ్ళు. పొద్దున బిట్లు, సాయంత్రం బిట్లు, ఆదివారం కూడా బిట్లు. ఒక్కో గుర్తు చెప్పి, “అండర్‌స్టాండ్?” అని గొంతెత్తి అడిగేవాడు. క్లాసు మొత్తం ఒక్క గొంతుతో “యెస్ సార్!” అనేది. ఆ కేక వీధి దాకా వినబడేది. దారిన పోయేవాళ్ళు, ఆహా ఎంత బాగా చెబుతున్నారు అనుకునేవాళ్ళు.

ఈ అలవాటు ఆయన కనిపెట్టింది కాదు. మన బళ్ళన్నిటిలో ఉంది. పంతులు అడిగేది అర్థమైందా అని కాదు, ముందుకు పోనా అని. పిల్లలకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకని పొమ్మంటారు.

ఒక శనివారం ఆయన నా క్లాసు గుమ్మంలో నిలబడి కాసేపు విన్నాడు. తర్వాత నన్ను ఆఫీసుకు పిలిచాడు.

“ఏంది సార్ ఇది? పిల్లలు అడుగుడు, మీరు చెప్పుడు? పరీక్షల అడిగేది పిల్లలా, బోర్డోళ్ళా?”

“అడిగితెనే గద సార్ వాళ్ళకు భాష వచ్చేది” అన్నాను.

“భాష ఎందుకు సార్ వీళ్ళకు? లండన్ పోతరా? ముందుగాల పాస్ కానియ్యిండ్రి. ఆ పీరియడు గూడ బిట్లకే తీస్కుంటున్న.”

కొట్లాడాను. స్టాఫ్ మీటింగులో లేచి మాట్లాడాను. తోటి పంతుళ్ళు తలలు వంచుకుని కూర్చున్నారు. బయటికొచ్చాక ఒకాయన భుజం మీద చెయ్యివేసి, “నీకెందుకు సార్ ఈ పరేషాన్? జీతం తగ్గుతదా?” అన్నాడు. ఆయన మంచివాడే. అట్లాంటి మంచివాళ్ళతోనే మన బళ్ళు నిండి ఉన్నాయి.

మైబూసాబ్ కూతురు

ఆ శనివారాల్లో అందరికంటే ఎక్కువ అడిగింది నఫీసా. తొమ్మిదో తరగతి. వాళ్ళ నాన్న మైబూసాబ్ బస్టాండు వెనక దర్జీ. ఒకసారి ఆ పిల్ల లేచి ఇట్లా అడిగింది.

“సార్, మేము పోతమంటె వేరే, మనం పోదమంటె వేరే. ఇంగ్లీషుల రెంటికి ‘వీ’ అంటే, మనల్ని పిల్చినట్లా, పిల్వనట్లా? ఎట్ల తెలుస్తది?”

“మీ ఇంట్లో మాట్లాడే ఉర్దూలో ఎట్లా?” అని తిరిగి అడిగాను.

“హమ్ అంటం సార్. ఒక్కటే. గని అమ్మీ మొహం చూస్తె తెలుస్తది.”

నా సర్వీసులో ఇంగ్లీషు గురించి ఇంతకంటే మంచి మాట ఏ ట్రైనింగులోనూ వినలేదు. ఇంగ్లీషులో కూడా అంతేనమ్మా, మొహం చూసి, ముందూ వెనకా మాటలు చూసి తెలుసుకోవాలి అని చెప్పాను.

ఆ పిల్లకు నర్సు కావాలని ఉండేది. వాళ్ళమ్మ ఒకసారి దవాఖానలో చాలా రోజులు పడి ఉన్నదట. డాక్టర్లు వచ్చి వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుని పోయేవాళ్ళు. ఒక్క నర్సమ్మ మాత్రం మంచం పక్కన నిలబడి, ఏమైంది, ఏం చేస్తారు అన్నీ విడమరిచి చెప్పేదట. “నేను గూడ గట్ల చెప్త సార్, పేషెంట్లకు” అనేది నఫీసా. దానికి ఇంగ్లీషు ముందు తనకు అర్థం కావాలని ఆ వయసులోనే పట్టుకుంది.

రిజల్టు కోసం పదో తరగతి ఇంగ్లీషు నా దగ్గర్నుంచి వెంకట్రాములు సారే తీసుకున్నాడు. నఫీసా ఆయన చేతికి చిక్కింది. అడగడం మానేసింది. మొదటి నెలలో ఒకట్రెండుసార్లు లేచిందట, “కూసో, టైం లేదు” అన్నాడట. తెలివిగల పిల్ల కాబట్టి త్వరగానే నేర్చుకుంది. బిట్లన్నీ కంఠతా పట్టింది. ఇంగ్లీషులో బడికి మొదటి మార్కు ఆమెదే. గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. నడుమ వెంకట్రాములు సార్ బొమ్మ పెద్దది, పక్కన నఫీసా బొమ్మ చిన్నది. మైబూసాబ్ సైకిలు దిగి ఆ ఫ్లెక్సీ ముందు నిలబడేవాడు. వాపును చూసి బలుపు అనుకున్నాడు పాపం. ఆయననేమంటాం, జిల్లా అంతా అనుకుంది.

ఇంటరులోనూ అదే తంతు నడిచింది. తర్వాత నది అవతల ఒక పట్నంలో నర్సింగు ట్రైనింగులో సీటు వచ్చింది. పోయేముందు నాన్నతో కలిసి మా ఇంటికి వచ్చింది. “సార్, అక్కడ అంత ఇంగ్లీషుల్నే చెప్తరంట” అంది. మొహంలో సంతోషం ఉంది, దాని వెనక భయం ఉంది. అర్థం కాకపోతే అడుగు తల్లీ, సిగ్గుపడకు అన్నాను. తలూపింది.

ముసలమ్మకు పెట్టిన ఇడ్లీ

ఒకరోజు మైబూసాబ్ బడికే పరుగెత్తుకొచ్చాడు. మెడలో కొలత టేపు అట్లాగే ఉంది.

“సార్, పిల్లను వెళ్ళగొడ్తమంటున్రు. జర మీరు వచ్చి మాట్లాడిన్రంటె… మీరు ఇంగ్లీషు సార్ గదా, మీ మాట వింటరు.”

వెంకట్రాములు సార్‌ను సెలవడిగాను. ఇన్‌స్పెక్షన్ ఉందన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇస్తే ఇవ్వండి, లేకపోతే లేదని చెప్పి మైబూసాబ్‌తో బస్సెక్కాను.

జరిగింది ఇది. నఫీసా ఉన్న వార్డులో ఒక ముసలమ్మకు ఆ రోజు ఆపరేషన్. పొద్దుటినుంచి ఆమెకు ఏమీ పెట్టకూడదు, నీళ్ళు కూడా ఇవ్వకూడదు. వార్డు సిస్టరు ఆ సంగతి ఇంగ్లీషులో గబగబా చెప్పి, అర్థమైందా అని అడిగింది. “యెస్ సిస్టర్” అంది నఫీసా. కాసేపటికి ముసలమ్మ, “బిడ్డా, కడుపుల కాల్తున్నది, రాత్రిసంది ఏం తినలే” అని ఏడ్చింది. నఫీసా తన టిఫిను డబ్బా తెరిచి రెండు ఇడ్లీలు తినిపించింది. మత్తు ఇచ్చే డాక్టరు చివరి నిమిషంలో ముసలమ్మనే అడగబట్టి బయటపడింది. లేకపోతే మత్తులో ఆ ఇడ్లీ ముసలమ్మ ప్రాణం తీసేదే.

ప్రిన్సిపాల్ మేడం చెడ్డ మనిషి కాదు. మమ్మల్ని కూర్చోబెట్టి నఫీసాను పిలిపించింది. నఫీసా సగానికి సగం చిక్కిపోయి ఉంది. నావైపు చూడలేదు. నువ్వు చేసిన పనికి ఏమై ఉండేదో తెలుసా అని మేడం ఇంగ్లీషులో అడిగింది.

“యెస్ మేడం.”

“అయితే చెప్పు” అని మళ్ళీ ఇంగ్లీషులోనే అంది.

“యెస్ మేడం.”

మైబూసాబ్ మురిసిపోతూ నావైపు తిరిగాడు. కూతురు మేడంతో ఇంగ్లీషులో మాట్లాడుతోందని ఆయన సంబరం. నాకు తల నేలకేసి కొట్టుకోవాలనిపించింది.

“మేడం, ఒక్కసారి తెలుగులో అడగండి” అన్నాను.

అడిగింది. నఫీసా తలెత్తింది. “మత్తిచ్చినంక కడుపుల ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తులల్ల పడ్తది మేడం. ఊపిరాడక పానం పోతది. వార్డుల పనిచేసే ఆయమ్మను అడిగి తెల్సుకున్న” అని తడబడకుండా చెప్పింది.

“ఇంత తెలిసినదానివి ఎందుకు పెట్టావమ్మా?”

“పెట్టొద్దన్నరని నాకు సమజ్ కాలే మేడం.”

“మరి అర్థమైందని ఎందుకన్నావు?”

నఫీసా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మేడం నావైపు తిరిగింది. “ఈ అమ్మాయి మనసు మంచిది సార్. కానీ అన్నిటికీ యెస్ అంటుంది. రాదు అన్నవాళ్ళకు నేర్పగలను, యెస్ అనేవాళ్ళకు నేనేం నేర్పను? రేపు నిజంగానే ఒక పేషెంటు చస్తే నేనేం జవాబు చెప్పాలి?” అంది. ఒక్క అవకాశం ఇవ్వమని చేతులు జోడించి అడిగాను. ఇవ్వలేనంది. ఆమె స్థానంలో నేనున్నా ఇచ్చేవాణ్ణి కాదేమో. అదే ఇంకా మండుతుంది.

తిరుగు బస్సులో నఫీసా కిటికీ పక్కన కూర్చుంది. మైబూసాబ్ దారి పొడుగునా, “యెస్ అనే గదా అన్నది సార్, నో అంటె గద తప్పు?” అని అడుగుతూనే ఉన్నాడు.

నాగర్‌కర్నూలుకు పోయే ముందు

మర్నాడు వెంకట్రాములు సార్‌కు అంతా చెప్పాను. ఏళ్ళు గడిచినా గేటు మీదే ఉన్న ఆ ఫ్లెక్సీ తీయించమన్నాను. “ఎందుకు తియ్యాలె సార్? మార్కులు ఆమెవి కావా? అబద్ధం రాసినమా?” అన్నాడు. మార్కులు ఆమెవే, అక్షరం అబద్ధం లేదు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు పెద్దలు. నేనే నిచ్చెన తెప్పించుకుని ఎక్కి ఫ్లెక్సీ కోసేశాను. చూసినవాళ్ళు చూశారు. ఆ ఎండాకాలం నన్ను నాగర్‌కర్నూలుకు వేశారు, ఆయనకు జిల్లాలో ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కప్పారు. రిటైరయ్యేదాకా నాకు మళ్ళీ పదో తరగతి ఇవ్వలేదు. ఇంగ్లీషు వచ్చిన పంతులు ఏ బీ సీ డీల దగ్గరుంటే వాళ్ళ రిజల్టుకు ఢోకా లేదు కదా.

కొత్తగా చేరే మీకు ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ బళ్ళోనూ ఇట్లాంటి మంచి హెడ్మాస్టరు ఉంటాడు. పిల్లలు యెస్ సార్ అనగానే మీ ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయిని నమ్మకండి. ఏం అర్థమైందో తెలుగులో చెప్పమనండి. ఉర్దూలో చెబితే ఉర్దూలో వినండి. సిలబస్ వెనకబడితే పడనివ్వండి. మెమో ఇస్తారు, బదిలీ చేస్తారు. చస్తామా?

గద్వాల విడిచేముందు మైబూసాబ్ ఇంటికి వెళ్ళాను. నఫీసా మిషను మీద జాకెట్లు కుడుతోంది. మళ్ళీ ప్రయత్నిద్దాం, ఇంకో ట్రైనింగు చూద్దాం, నేను దగ్గర కూర్చుని నేర్పిస్తాను, నాగర్‌కర్నూలు ఎంత దూరం అన్నాను. మిషను ఆపకుండానే, “వద్దు సార్” అంది.

“ఆ రోజు మేడం అడిగింది కదా. యెస్ అని ఎందుకన్నవమ్మా?”

అప్పుడు ఆపింది. “తెల్వదంటె వెళ్ళగొడ్తరనుకున్న సార్. అనకపోతె గూడ వెళ్ళగొట్టిన్రు.”

ఇంతలో మైబూసాబ్ చిన్న కూతురు షబానాను చెయ్యిపట్టుకుని లాక్కొచ్చాడు. మా బళ్ళోనే ఆ ఏడు ఆరో తరగతిలో చేరింది. “ఇది అక్క లెక్క కాదు సార్, మస్తు తేజ్. సార్‌కు చెప్పవే” అన్నాడు. ఆ పిల్ల చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ‘రామా కిల్డ్ రావణా, రావణా వజ్ కిల్డ్ బై రామా’ అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోయింది. మైబూసాబ్ మొహం వెలిగిపోయింది.

నఫీసా లేచి వచ్చి చెల్లెలి ముందు కూర్చుంది. “షబ్బూ, ఇప్పుడు చెప్పినవు గదా, దాని మతలబ్ ఏంది?”

షబానా నాన్న వైపు చూసింది, నా వైపు చూసింది.

“తెల్వకుంటె తెల్వదను. నేనేమన. తెల్వదు, అను.”

“అనను.”

“ఎందుకే?”

షబానా తన అరచేతులు రెండూ వెనక్కి దాచుకుంది.

“తెల్వదంటె కొడ్తరు ఆపా.”